మన గ్రౌండు గేటుకు తాళం

జూన్ 8

కోడలు పిల్లకి,

ఇక్కడ అందరం క్షేమమే, గ్రౌండు తప్ప. ఫోన్ చెయ్యొచ్చు కదా మావయ్యా అంటావు. ఫోన్ తీస్తే మీ అత్తయ్య సగంలో లాక్కుని నీ జుట్టు రాలడం గురించి మొదలుపెడుతుంది, నా గోడు గాల్లో కలిసిపోతుంది. అందుకే షాపులో కళ్లద్దాల బేరాలు లేని వేళ చూసుకుని ఇది రాస్తున్నాను.

మన ఫుట్‌బాల్ క్లబ్బుకి నోటీసు వచ్చింది. గ్రౌండు ప్రభుత్వ స్థలమట. అదేదో మనకి తెలియనట్టు! లీజు గడువు ఎప్పుడో తీరిపోయిందట, మళ్లీ ఎవరూ రాయించుకోలేదట. ఏ హక్కుతో ఉంటున్నారో చెప్పండి, చెప్పలేకపోతే ఖాళీ చెయ్యండి అని ఉంది. టెన్నిస్ క్లబ్బుకీ, ఈత క్లబ్బుకీ కూడా ఇలాంటి నోటీసులే వచ్చాయి. మనం ఖాళీ చేస్తే అక్కడ అంతస్తుల మీద అంతస్తులు వేసి కార్ల పార్కింగ్ కడతారని వినికిడి.

నువ్వు ఆ భూముల శాఖలోనే, పెద్దాఫీసులోనే ఉన్నావు కదా. ఈ సంతకం పెట్టిన పెద్దమనిషి ఎవడో కాస్త కనుక్కో. కోడి కెలికినట్టుంది సంతకం. చిన్నప్పుడు బంతి తన్నిన మొహం కాదు. వాడి పైవాడికి మన గురించి ఒక మంచి మాట చెప్పు.

గ్రౌండు పోతే పొద్దున్నే లేచి నేనెక్కడికి వెళ్లాలే? ఇంట్లో కూర్చుంటే నన్ను వారం కూడా భరించలేనని మీ అత్తయ్య ఇప్పటికే చెప్పేసింది.

మీ మావయ్య,
క్లబ్బు కార్యదర్శి (ఇప్పటికైతే)


జూన్ 15

మావయ్యా,

కూర్చుని చదువు. మంచినీళ్లు పక్కన పెట్టుకో. ఆ కోడి కెలుకుడు నాదే.

నోటీసులు కట్టలు కట్టలుగా నా బల్ల మీదకి వచ్చాయి. చదవకుండా పెట్టేశానని నీతో అనొచ్చు, కానీ చదివాను. మన క్లబ్బు పేరు కనపడగానే పెన్ను కింద పెట్టి, క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగి, తిరిగొచ్చి సంతకం పెట్టాను. మా మావయ్యదని ఒకటి పక్కకి తీస్తే, పక్క సీటతను వాళ్ల బాబాయిది తీస్తాడు. ఆ వెంటనే పైకి కాగితం పెట్టాను, ఈ క్లబ్బు కార్యదర్శి నా సొంత మేనమామ, ఈ ఫైలు నేను చూడకూడదు అని. ఇప్పుడది పక్క గదిలో ఇంకొకరి దగ్గరుంది. కాబట్టి కేసు గురించి నువ్వు నన్నేమీ అడక్కూడదు, నేనేమీ చెప్పకూడదు.

ఒక్క మాట మాత్రం దాచుకోలేను. నోటీసులు పంపే ముందు మేం చాలా క్లబ్బులు తిరిగి చూశాం. ప్రభుత్వ స్థలం చుట్టూ నిలువెత్తు గోడలు, గేటు దగ్గర కాపలా మనిషి, లోపల పేకాట గదులు. బయట పిల్లలు రోడ్డు మీద కార్లకి అడ్డం పడుతూ ఆడుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మన గ్రౌండు అలాంటిది కాదని నాకు తెలుసు. నోటీసుకి ఆ సంగతి తెలియదు కదా.

కోపం వస్తే తిట్టు. ఉత్తరాలు మాత్రం మానకు. అత్తయ్యతో నా జుట్టు ఇప్పుడు బాగానే ఉందని చెప్పు.

నీ కోడలు పిల్ల


జూన్ 22

గౌరవనీయులైన అధికారిణి గారికి,

తమరి లేఖ అందినది. మంచినీళ్లు తాగితిమి.

తమరు మన క్లబ్బు పిల్లల జట్టుకు ఆడిన ఏడు, ఫైనల్ మ్యాచిలో తమరిని బెంచీ మీద కూర్చోబెట్టి, మందుల షాపాయన కూతురిని గోల్ దగ్గర నిలబెట్టినందుకు, తమరు ఇంతకాలము కడుపులో పెట్టుకుని ఈ విధముగా కక్ష తీర్చుకుందురని మేము కలలో కూడా అనుకొనలేదు. ఆ దినము తమరికి జ్వరము. నుదురు పట్టి చూసినది మేమే. ఒళ్లు కాలిపోతుంటే ఎలా ఆడిస్తానే నిన్ను? ఆడవే అంటే ఆడేసేదానివి, ఆ తర్వాత మీ అమ్మకి నేనేం సమాధానం చెప్పేది?

మూడు క్లబ్బులును కలిసి కోర్టుకు వెళ్లినవి. టెన్నిస్ క్లబ్బు వారు అందరికిని కలిపి ఒక గొప్ప లాయరును మాట్లాడిరి. భూముల వ్యవహారాల కోసమే పెట్టిన కోర్టు కనుక కేసు నానబెట్టరని చెప్పుచున్నారు. ఇక తమరి దయ.

తమ విధేయుడు,
కార్యదర్శి

తల్లీ, ఈయన నాటకాలు పట్టించుకోకు. ఇది అంటించే ముందు నీ ఫోటో మీద దుమ్ము తుడిచి మళ్లీ గోడకి తగిలించారు. జుట్టు బాగుందని రాస్తే నమ్మను, ఫోటో పంపు. – అత్తయ్య


జూలై 3

మావయ్యా,

ఆ ఫైనల్ సంగతి నేను ఎప్పుడో మర్చిపోయాను. నువ్వే గుర్తు చేశావు. ఇప్పుడు నిజంగానే కోపం వస్తోంది. అది మామూలు జలుబే, జ్వరం కాదు!

నీ "తమరు" చదివి ఆఫీసులో పైకే నవ్వేశాను. తర్వాత కాసేపు ఏడుపొచ్చింది కూడా. నాకు నువ్వంటే ప్రాణం, ఉద్యోగమంటే భయం. రెండూ ఒకే మనిషిలో ఉంటే ఎంత ఇరుకుగా ఉంటుందో నీకు తెలియదు.

కేసు మాట్లాడకూడదు కాబట్టి ఇంటి కబుర్లే రాస్తాను. మా ఇంటి ఓనరు డాబా తలుపుకి తాళం వేశాడు. ఇన్నాళ్లూ అన్ని వాటాల వాళ్లం పైనే బట్టలు ఆరేసుకునేవాళ్లం, సాయంత్రాలు గాలికి కూర్చునేవాళ్లం. డాబా ఎవరిదని ఒక్కరూ అనుకోలేదు. తాళం పడ్డాక గానీ అది ఆయనదని అందరికీ తెలిసిరాలేదు. ఇప్పుడు ఒక్క దుప్పటి ఆరేసుకోవాలన్నా వెళ్లి ఆయన్నే అడగాలి. నా బట్టలు గదిలో ఆరక ఒకటే ముక్కిపోయిన వాసన.

నీ కోడలు పిల్ల


జూలై 11

కోడలు పిల్లా, నా బంగారు తల్లీ,

నిన్ను అపార్థం చేసుకున్నందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలి. నువ్వు మామూలు దానివి కాదు! మేనమామని వదులుకోలేక, ఉద్యోగం పోగొట్టుకోలేక, ఎంత తెలివిగా చెప్పావే. డాబా! చదవగానే నాకు వెలిగింది.

మా లాయరుగారు పాడే పాట కూడా అదే. "స్థలాన్ని మీ సొంతంలా చూసుకున్నారని, మీరు సరేనంటే తప్ప ఎవరూ లోపల అడుగు పెట్టలేదని తేలాలి. అప్పుడే హక్కు గురించి గట్టిగా మాట్లాడగలం" అంటాడు. టెన్నిస్ వాళ్లకి కాపలా మనిషి ఉన్నాడు. ఈత వాళ్లకి గోడ ఉంది. మనకి ఉన్నది వంకరపోయిన గొళ్లెం. దాన్ని కూడా ఎవరూ వెయ్యరు. పొద్దున నడకకి వచ్చే ఆడవాళ్లు, డ్యూటీ దిగిన బస్సు డ్రైవర్లు, స్కూలుకి అడ్డదారిన పోయే పిల్లలు, అందరూ మన గడ్డి మీంచే. తాళం వేద్దామా వద్దా అని తల పట్టుకుని కూర్చున్నవాణ్ణి, నీ ఉత్తరం అందగానే లేచి బజారుకి పోయాను. నా పిడికిలంత తాళం, దానికి తగ్గ గొలుసు. ఇవాళ గేటుకి సరిపడా కొక్కేలు వేయిస్తున్నాను. మొన్నటి వానకి పాడైన గేటు స్తంభం కూడా సిమెంటు పెట్టించి, అది ఆరాక తాళం వేస్తాను.

మీ అత్తయ్య మాత్రం "డాబా అంటే డాబానే అయ్యుంటుంది" అంటోంది. ఆఫీసు భాష ఆవిడకేం తెలుసు!

మీ మావయ్య,
కార్యదర్శి


జూలై 16

మావయ్యా!

డాబా అంటే డాబానే! ఇటుకలు, సిమెంటు, పైన నీళ్ల ట్యాంకు! తాళం వెయ్యమని నేను ఎక్కడ రాశానయ్యా?

పోనీ తియ్యమని రాద్దామంటే అది కూడా రాయకూడదు. వెయ్యమన్నా తప్పే, తియ్యమన్నా తప్పే. నీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. నేను రాసే దేనికీ లోపల ఇంకో అర్థం ఉండదు. ఉప్పు అని రాస్తే ఉప్పే. ఇకనుంచి ప్రతి ఉత్తరం ముందు అత్తయ్యకి చదివించు. ఆవిడ ఏది చెబితే అదే సరైన అర్థం.

నీ కోడలు పిల్ల


జూలై 17

కోడలు పిల్లకి,

నీ దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. అయినా ఆగలేక రాస్తున్నాను.

నిన్న సాయంత్రం ఆట అయ్యాక తాళం వేశాను. ఎంత గర్వంగా వేశాననుకున్నావు! ఇవాళ పొద్దున తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లేసరికి గేటు బయట నడక ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక ఇద్దరు డ్రైవర్లు. నాతో పోట్లాడతారని అనుకున్నాను. దానికి తగ్గ మాటలు దారి పొడుగునా కూడబలుక్కుంటూ వెళ్లాను కూడా. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. చెప్పులు తీసి పక్కన పెట్టుకుని, తలకి కొంగు కప్పుకుని నిలబడ్డారు. వాళ్లలో ఒక నర్సమ్మ ఉంది, రాత్రి డ్యూటీ దిగి వచ్చి నడుస్తుంది. ఆవిడ మెల్లిగా నా దగ్గరికి వచ్చి, "ఎవరండీ పోయింది?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. "గేటు మూశారు కదా, క్లబ్బులో ఎవరో పెద్దాయన పోయి ఉంటారు అనుకుంటున్నాం. మీరు కనపడ్డారు, అమ్మయ్య అనుకున్నాం" అంది.

తల్లీ, ఎవరూ పోలేదండీ, మిమ్మల్ని లోపలికి రాకుండా చెయ్యడానికే వేశాను అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నేను బతికున్నానని సంతోషపడుతోంది ఆవిడ! తాళంచెవి తీశాను. కొత్త తాళం కదా, ఒక పట్టాన రాలేదు. చివరికి ఒక డ్రైవరు అందుకుని తీశాడు. "నూనె వెయ్యాలండీ దీనికి" అన్నాడు. "అక్కర్లేదులే" అన్నాను.

తాళమూ గొలుసూ తెచ్చి షాపులో పాత ఫ్రేముల డబ్బాలో పడేశాను. నీ సలహా పాటించలేకపోయాను, ఏమనుకోకు.

మీ మావయ్య


ఆగస్టు 2

మావయ్యా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నీది మూడుసార్లు చదివాను. దాని మీద ఏమీ రాయను. రాయకూడదు కాబట్టి రాయడం లేదు, రాయాలని లేక కాదు.

నాకు దవడ పన్ను పీకేశారు. పుచ్చిన పన్నుని ఉంచుకుంటే పక్క పళ్లు కూడా పాడవుతాయని డాక్టరు అన్నాడు. మావయ్యా, పన్ను అంటే పన్నే. ముందే చెబుతున్నాను.

నీ కోడలు పిల్ల


నవంబర్ 20

కోడలు పిల్లకి,

ఇన్ని రోజులు రాయలేదని అలిగి ఉంటావు. కోర్టు వాయిదాలతో తలప్రాణం తోకకొచ్చింది.

ముందు పన్ను సంగతి. పన్ను అంటే పన్నే అని అంత గట్టిగా రాశావే, అక్కడే నాకు అనుమానం వచ్చింది. పక్క క్లబ్బులతో కలిసుంటే మనమూ పాడవుతాం, విడిగా పొమ్మంటున్నావని లాయరుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన కుదరదన్నాడు. ఇంటికొచ్చి మీ అత్తయ్యకి చదివిస్తే, "పిల్లకి పన్ను పీకితే ఎలా ఉందని ఒక్క ముక్క రాశారా?" అని నిలదీసింది. సిగ్గుతో చచ్చాను. ఎలా ఉందే? వాపు తగ్గిందా?

ఇక అసలు సంగతి. నిన్న నన్ను బోనెక్కించారు. వారం ముందు నుంచీ లాయరుగారు నాకు పాఠం చెబుతూనే ఉన్నాడు. "గేటుకి ఎప్పుడూ తాళం ఉంటుంది, మా అనుమతి లేకుండా ఎవరూ రారు. అంతే చెప్పండి, ఇంకో ముక్క వద్దు." షాపులో అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. కళ్లద్దాలకి వచ్చినవాళ్లు నన్ను చూసి వెనక్కి పోయేవాళ్లు. నా కంటే ముందు టెన్నిస్ ఆయన, ఈత ఆయన తడుముకోకుండా చెప్పేసి దిగిపోయారు. వాళ్లకేం, వాళ్లది నిజమే కదా.

నా వంతు వచ్చింది. "మీ గేటుకి తాళం ఉండేదా?" అని మా లాయరుగారే అడిగాడు.

"ఉండేదండీ" అన్నాను. ఆయన సంతోషంగా కూర్చోబోయాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. ఏం చెయ్యను, ఆ నర్సమ్మ మొహం కళ్ల ముందు కదిలింది. "ఒక్క రాత్రండీ" అన్నాను.

జడ్జిగారు రాసుకోవడం ఆపి నా వైపు చూశారు. "ఒక్క రాత్రా?"

"పొద్దున్నే తీసేశానండీ. లోపల ఎవరో పోయారనుకుని జనం బాధపడ్డారు."

అందరూ గొల్లున నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. "అయితే మీ గ్రౌండులోకి ఎవరైనా అడిగి రావచ్చా?" అన్నారు.

"అడగరండీ, వచ్చేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లే అడుగుతారు."

"మరి మీ క్లబ్బు చేసేదేమిటి?"

"గడ్డి కోస్తామండీ. రోలరు లాగుతాం. గీతలు వేస్తాం. సాయంత్రాలు ఆడతాం." నిజంగా మేం చేసేది అంతే కదే.

మా లాయరుగారు ఫైలు మూసేసి నుదురు రుద్దుకుంటూ కూర్చున్నాడు. బయటికి రాగానే మనవాళ్లంతా నా మీద పడ్డారు. క్లబ్బుని నిలువునా ముంచావన్నారు. ఉపాధ్యక్షుడు, నాతో చిన్నప్పట్నుంచీ ఆడినవాడు, నన్ను వదిలేసి ఆటోలో వెళ్లిపోయాడు. ఇంటిదాకా నడిచాను. వాళ్లని అనడానికేముంది? గ్రౌండుని నా నోటితో నేనే పోగొట్టాను. అలాగని ఇంకో మాట చెప్పి ఉండాల్సిందని కూడా అనిపించడం లేదు. అదే నా బాధ.

మీ మావయ్య

తల్లీ, రాత్రి అన్నం తినలేదు. పొద్దున మామూలుగానే రోలరు లాగడానికి పోయారు. నువ్వు ఏదో ఒకటి రాయి. – అత్తయ్య


నవంబర్ 27

మావయ్యా,

వాపు తగ్గింది.

ఆఫీసు మనిషిగా నాకు చెప్పడానికి ఏమీ లేదు. మేనకోడలిగా ఒకటి చెబుతాను. మా అమ్మ బతికి ఉంటే ఆ రోజు నీకు ఎదురొచ్చి బ్యాగు అందుకుని ఉండేది. ఆ పని అత్తయ్యని చెయ్యమను. అన్నం తిను. ఉపాధ్యక్షుడు వస్తాడు, ఆయన ఎప్పుడూ సగం ఆట అయ్యాకే వస్తాడు కదా.

నీ కోడలు పిల్ల


మార్చి 5

మావయ్యా! అత్తయ్యా!

గెలిచాం! తీర్పు మా ఆఫీసుకి వచ్చింది, ఫైలు మూసేశారు, ఇప్పుడు నేను నోరారా మాట్లాడొచ్చు!

మూడు క్లబ్బుల్లో దేనికీ స్థలం మీద హక్కు లేదన్నారు. టెన్నిస్ వాళ్లూ ఈత వాళ్లూ ఖాళీ చెయ్యాలి. మన గ్రౌండు దగ్గరికి వచ్చేసరికి జడ్జిగారు నీ మాటలే రాశారు. అడక్కుండా జనం వచ్చే చోటు, అది ఎప్పట్నుంచో ఊరందరి ఆటస్థలం, ప్రభుత్వమైనా సరే దాన్ని ఇంకో పనికి వాడకూడదు అని. పార్కింగ్ లేదు మావయ్యా! ఎవరైనా సరే మున్సిపల్ ఆఫీసులో రాసిచ్చి ఆడుకోవడానికి వేళలు తీసుకోవచ్చు. నువ్వు ఆ రోజు తాళం ఉండేదని చెప్పి దిగిపోయి ఉంటే మనది కూడా ఆ రెండింటితో పాటే పోయేది. ఫైలు చూసిన పక్క గదావిడ నా దగ్గరికి వచ్చి, "మీ మావయ్యకి నా నమస్కారం చెప్పండి" అంది.

నీకు గజమాల వేయించాలి. ఎంత సంతోషంగా ఉన్నావో వెంటనే రాయి!

నీ కోడలు పిల్ల


మార్చి 19

కోడలు పిల్లకి,

ఏం గెలిచామే? అభినందనలు ఎవరికి చెబుతున్నావు?

క్లబ్బు బోర్డు నేనే దించాను. నిచ్చెన ఉపాధ్యక్షుడు పట్టుకున్నాడు. వచ్చాడులే, నువ్వన్నట్టే. నువ్వు అక్కడ గంతులు వేస్తున్నావు, ఇక్కడ మా ఇద్దరికీ బోర్డు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చివరికి మా మంచం కింద పెట్టాం. మెంబర్లు సగం మంది మానేశారు. సాయంత్రం వేళ ఇమ్మని మేమూ రాసిచ్చాం, అందరితో పాటు వరసలో నిలబడి. వారంలో రెండు రోజులు ఇచ్చారు. నా గ్రౌండులో నాకు రెండు రోజులు! నీ మీద కోపంతో జవాబు కూడా రాయలేదు. ఆ కోపం నిన్నటిదాకా ఉంది.

ఇవాళ పొద్దున అలవాటు కొద్దీ వెళ్లాను. ఆ వేళ కొరియర్ ఆఫీసు వాళ్లదట. డెలివరీ ఇచ్చే పిల్లలు, ఆడా మగా కలిసి వచ్చారు. గీతలు వేస్తున్నారు, చూడలేకపోయాను. పాము పాకినట్టు! సున్నం డబ్బా లాక్కుని నేనే వేసిచ్చాను. వాళ్లలో ఒకమ్మాయి, "మీరెవరండీ?" అని అడిగింది.

కార్యదర్శినని నోటిదాకా వచ్చింది. ఆగిపోయాను. ఇప్పుడు దేనికి కార్యదర్శిని? "ఇక్కడే ఉంటానమ్మా, దగ్గర్లోనే" అన్నాను.

"మాకు ఒకరు తక్కువయ్యారు. ఆడతారా?" అంది.

ఈ గ్రౌండులో ఎవరు ఆడాలో, ఎవరు కూర్చోవాలో చెప్పింది ఇన్నేళ్లూ నేనే. కార్యదర్శినయ్యాక ఆడతారా అని నన్ను అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నేను కూడా అడిగించుకోవాలని అనుకోలేదు. గడ్డి, రోలరు, గీతలు, నోటీసులు, వీటితోనే సరిపోయింది. నాకు ఎంత ఆడాలని ఉందో ఆ పిల్ల అడిగేదాకా నాకే తెలియదు.

చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి దిగాను. వెనకాల నిలబెట్టారు. బంతి రెండుసార్లు నా దగ్గరికి వచ్చింది, ఒకసారి తగిలింది కూడా. "బాబాయ్, ఇటు, ఇటు!" అని అరుస్తున్నారు. ఎవరికి ఇచ్చానో నాకే తెలియదు, అవతలి వాళ్లకే ఇచ్చినట్టున్నాను. చిత్తుగా ఓడిపోయాం. మీ అత్తయ్య నా పాదాలు చూసి అరిచింది, ఇప్పుడు వేడినీళ్లలో పెట్టుకుని రాస్తున్నాను.

రేపు కూడా రమ్మన్నారే. పెందలాడే పడుకోవాలి, ఉంటాను.

మీ మావయ్య